ఆగండిగారు

“ఆగండి.”

పెన్సిలు మొనతో అద్దం మీద టక్కున కొట్టి అతను ఆ మాట అనేసరికి, అద్దానికి అవతలి గదిలో మాస్టారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. పొద్దుటి నుంచి ఇలా ఆపడం ఎన్నోసారో లెక్కపెట్టడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

“ఏమైందండీ మళ్ళీ?” మాస్టారి గొంతు హెడ్‌ఫోన్లలో నీరసంగా వినిపించింది.

“‘అయితే’ అన్నారు. అచ్చులో ‘అయితే’ లేదు.”

“నా పుస్తకమేనండీ అది. నేనే రాశాను.”

“రాసినప్పుడు పెట్టలేదుగా. పేరా మొదటి నుంచి చదవండి.”

మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తుడిచిన చప్పుడు కూడా మైకులో పడింది. అతను పళ్ళు బిగబట్టి మిషను వెనక్కి తిప్పాడు.

అది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోటు. పేరుకు కేంద్రమే గాని, ఉన్నవి రెండు గదులు, ఒక వరండా. లోపలి గది గోడల నిండా మెత్తటి స్పాంజి పలకలు అంటించి ఉంటాయి. చదివేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. బయటి గదిలో మిషను, దాని ముందు చేతులు అరిగిపోయిన కుర్చీ, కుర్చీలో అతను. సన్నటి మనిషి. హెడ్‌ఫోన్ల నొక్కుడుకు నడినెత్తిన జుట్టులో ఒక గాడి పడిపోయింది. దువ్వెన ఎటు తిప్పినా ఆ గాడి పోదు. కుడిచేతి చూపుడువేలు చివర ఎప్పుడూ కాస్త నల్లగా ఉంటుంది. చదివేవాళ్ళు మారుతుంటారు, పుస్తకాలు మారుతుంటాయి, అతనూ ఆ కుర్చీ మాత్రం మారరు.

అతని పని వినడం. చదివేవాళ్ళ చేతిలో ఉన్న పుస్తకమే అతని ముందు ఇంకొకటి ఉంటుంది. వేలు అచ్చు వెంట నడుస్తుంది, చెవి గొంతు వెంట నడుస్తుంది. ఉన్న మాట ఎగిరిపోయినా, లేని మాట చేరినా, కుర్చీ కిర్రుమన్నా, కడుపు గుర్రుమన్నా పెన్సిలు అద్దం మీద పడుతుంది. తప్పు దొర్లిన చోటే అందుకుని చదివితే అతుకు వినిపిస్తుంది. అందుకని వెనక్కి వెళ్ళాలి. చివరిసారి అంతా సవ్యంగా ఉన్న చోటు ఏదో చూసుకుని, అక్కడి నుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. అతను ఉద్యోగంలో చేరిన రోజు ఎవరో చెప్పిన నియమం అది. ఆ తర్వాత అతనికి కొత్తగా ఎవరూ ఏమీ చెప్పలేదు, అవసరమూ రాలేదు.

అక్కడ అందరూ అతన్ని ఆగండిగారు అంటారు. మొదట్లో చాటున అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు. పెళ్ళి మాట ఎవరు ఎత్తినా ఆగండి అన్నాడని, ఆగినవాళ్ళు ఆగినట్టే పోయారని కేంద్రంలో ఒక హాస్యం ఉంది. అతను దానికి నవ్వడు, కోప్పడడు. అందులో తప్పేమీ లేదు కదా అన్నట్టు ఊరుకుంటాడు.

ఇప్పుడు నడుస్తున్న పుస్తకం ‘కథ చెప్పే కవిత్వం: తొలి పరిచయం’. రాసినవారూ చదువుతున్నవారూ మాస్టారే. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు మంచిది, మనసు మంచిది, అలవాట్లే మంచివి కావు. రాసినవారి చేతే చదివించడం ఎంత ప్రాణాంతకమో ఆగండిగారికి ఈ పుస్తకంతో తెలిసివచ్చింది. తన వాక్యం తనకే ముచ్చటేసి మాస్టారు ‘ఆహా’ అంటారు. ఆగండి. రాసినప్పుడు తట్టని ఉదాహరణ చదివేటప్పుడు తట్టి దారి తప్పుతారు. ఆగండి. నీళ్ళు తాగి పెదవులు చప్పరిస్తారు. ఆగండి, ఆగండి.

“కథాకవిత్వం మనిషిని కూర్చోబెట్టే కవిత్వం” అని మాస్టారు మళ్ళీ ఎత్తుకున్నారు. “పాట మనసులో ఉన్నది చెప్పుకుని ఊరుకుంటుంది. కథాకవిత్వానికి అది చాలదు. ఇందులో ఒకరు ఎక్కడికో బయలుదేరాలి. దారిలో ఏదో అడ్డుపడాలి. తర్వాత ఏమైందోనని వినేవాడి ప్రాణం కొట్టుకోవాలి. ఛందస్సు ఎందుకంటే, నోటికి నిలవడానికి. మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి ఎందుకంటే, చెప్పేవాడు ఊపిరి పీల్చుకోవడానికి, వినేవాడు ఊ కొట్టడానికి. ఊ కొట్టేవాడు లేని కథ…”

వీధిలో ఎవరో మోటారుసైకిలు హారన్ అదే పనిగా మోగించారు.

“ఆగండి.”

“ఇది నా తప్పు కాదండీ!” అన్నారు మాస్టారు.

“నేను మీదన్నానా?”

ఈ తిప్పలన్నీ ఒక ఎత్తు. అసలు చిరాకు వేరే ఉంది. మాస్టారు ప్రతి అధ్యాయంలోనూ ఒక పాత పద్యకథను ఎత్తుకుంటారు. కమ్మగా చెబుతారు. మంచి బిగువు మీద ఉండగా ఠక్కున వదిలేసి పల్లవి లక్షణాల్లోకి పోతారు, అధ్యాయం చివర మాత్రం ‘తరువాతి కథ మూలంలో చూడగలరు’ అని రాస్తారు. కళ్ళు లేనివాళ్ళు వినే పుస్తకంలో చూడగలరట! ఆ మూలాలు ఏ అలమరాలో ఏ దుమ్ములో ఉన్నాయో మాస్టారికే తెలియాలి.

ఆగండిగారికైతే ఇబ్బంది లేదు. కథ ఎక్కడ ఆగినా అతనికి నిద్ర పడుతుంది. పట్టనిది ఇంట్లో అక్కకి.

తల్లి లేని ఇంట్లో అతన్ని పెంచింది అక్కే. రెడీమేడ్ బట్టల దుకాణానికి చొక్కాల కాజాలు కుట్టి పెంచింది. ఆ కాజాలే ఆమె కళ్ళను తినేశాయి. చూపు మసకబారి సూది వదిలేసిన నాటి నుంచి, ప్రతి సాయంత్రం అతను ఆ రోజు రికార్డు చేసిన పుస్తకం ఆమెకు చెప్పడం అలవాటైంది. ఎలుకల నివారణ పుస్తకం కూడా చెప్పాడు. ఆమె దాన్నీ శ్రద్ధగా విని, అందులో మూడు తప్పులు పట్టింది. చెప్పడమంటే అతనికి ఒకటే పద్ధతి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వినడమంటే ఆమెకు ఒకటే పద్ధతి, అడ్డుపడాలి. ఒకసారి కేంద్రం నుంచి రికార్డు వినిపించే పెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆమె కాసేపు విని ‘ఆగు’ అంది. అది ఆగలేదు. “మర్యాద తెలియని పెట్టె. తీసుకుపో” అంది.

ఇప్పుడు ఆమెకు గుండె నీరసించింది. కాళ్ళకు నీరు దిగి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. గొంతు కూడా పైకి రావడం లేదు. అందుకని అడ్డుపడడానికి మంచం పక్కన స్టూలు మీద ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకుంది. కథలో ఎక్కడ నచ్చకపోతే అక్కడ చెంచాతో గ్లాసు మీద ఠంగుమని కొడుతుంది. పోయిన వారం డాక్టరు వచ్చి చూసి, అతన్ని వాకిట్లోకి పిలిచి, “ఇక ఆస్పత్రికి తిప్పకండి. ఇంట్లోనే ఉంచుకుని అడిగింది పెట్టండి” అన్నాడు. అడిగింది పెట్టమంటే ఆమె అడిగింది తిండి కాదు.

“ఆ పడవవాడు ఏమయ్యాడో కనుక్కునిరా” అంది.

పడవవాడు మాస్టారి పుస్తకంలోని ఆఖరి అధ్యాయంలో ఉన్నాడు. ఏటి ఒడ్డున అతని గుడిసె. వరద రోజుల్లో భార్యకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని అవతలి ఒడ్డున ఉంది. పడవవాడు గుమ్మంలో దీపం పెట్టి, పడవ విప్పి ఏట్లోకి దిగాడు. ఎలాగో అవతలికి చేరాడు, మంత్రసానిని ఎక్కించుకున్నాడు. తిరిగి వస్తుంటే నడి ఏట్లో తెడ్డు విరిగింది. నాలుగేసి పాదాలకు ఒకసారి పల్లవి వస్తుంది:

ఏరు నిండెను, ఏరు నిండెను,
ఈవలి ఒడ్డున దీపముండెను.

నిన్న రికార్డింగు అక్కడ ఆగింది. నిన్న సాయంత్రం కథా అక్కడే ఆగింది. అప్పుడే ఆమె గ్లాసు మీద మోగించింది.

“నొప్పులు పడుతున్న మనిషిని ఒంటరిగా వదిలి వెళ్ళాడా? ఆ ఇంట్లో ఇంకెవరూ లేరూ?”

“లేరక్కా. పుస్తకంలో లేరు.”

“సరిగా చూశావా?”

“సరిగా చూడడమే నా ఉద్యోగం.”

“రేపు అడుగు. ఇంట్లో ఎవరున్నారో, వాడు వచ్చాడో లేదో రెండూ అడుగు” అంది ఆమె. తెల్లవారి పాలలో నానబెట్టిన రొట్టె తినిపించబోతే నోరు తెరవకుండా మళ్ళీ అదే మాట అంది. అతనికి ఒళ్ళు మండింది. ఒక పక్క డాక్టరు అలా చెప్పి వెళ్ళాడు, ఇంకో పక్క ఈవిడకు ఎప్పటివాడో, ఉన్నాడో లేడో తెలియని పడవవాడి బెంగ. ‘ముందు నువ్వు తిను’ అని కసిరి, కసిరినందుకు తనమీద తనకే కోపం వచ్చి, చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

మధ్యాహ్నం రికార్డింగు మంచి జోరు మీద ఉండగా ఫోను వణికింది. పగటిపూట అక్క దగ్గర కూర్చునే పక్కింటావిడ.

“అన్నయ్యగారూ, కంగారు పడకండి, బాగానే ఉన్నారు. అడిగారా లేదా అని అడుగుతున్నారు.”

“పనిలో ఉన్నానమ్మా!”

“నేనూ అదే చెప్పాను. పనిలో ఉన్నాడు గాబట్టే అడగమంటున్నాను అంటున్నారు.” వెనక గ్లాసు మోగిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది. “ఇదిగో, వింటున్నారుగా.”

అద్దం అవతల మాస్టారు చదవడం ఆపేశారు. ఎవరూ ఆగండి అనకుండా ఆయన తనంతట తాను ఆగడం ఆ పుస్తకం మొత్తంలో అదే మొదలు.

“ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?” అని అడిగారు, తలుపు తీసుకుని బయటికి వచ్చి.

ఆగండిగారికి ఇంటి సంగతులు బయట చెప్పడం అలవాటు లేదు. కానీ వేరే దారి లేకపోయింది. “మా అక్కండీ. ఆ పడవవాడు ఒడ్డుకు వచ్చాడా లేదా అని అడుగుతోంది. మూలం ఎక్కడ దొరుకుతుందో చెబితే నేనే వెళ్ళి చూసి చెబుతాను. నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తోంది.”

మాస్టారి ముఖం వెలిగింది. స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నారు. “ఎన్నో ఏళ్ళు ఈ పద్యం పాఠం చెప్పానండీ. పరీక్షలో వస్తుందా అని అడిగారు తప్ప, పడవవాడు ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు.” అని మురిసిపోయి, అంతలోనే ముఖం చిన్నబుచ్చుకున్నారు. “కానీ మూలంలో కూడా లేదండీ. ఉన్నది ఒకే ఒక్క ప్రతి. దాని చివరి పుటలు చెదలు తినేశాయి. తెడ్డు విరిగిన దగ్గర ఆగిపోయింది.”

“మరి మూలంలో చూడగలరు అని రాశారేం?”

“ప్రతి అధ్యాయం చివరా పెడుతూ వచ్చాను. ఆ ఊపులో దీనికీ పెట్టేశాను. చూసుకోలేదు.”

ఆగండిగారు చేతిలోని పెన్సిలు కింద పెట్టేశాడు. పుస్తకంలో ఏదో ఒకటి ఉంటుందనే నమ్మకంతో పొద్దుటి నుంచి చిరాకు పడ్డాడు. ఇప్పుడు చిరాకు పడడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి?

“పోనీ ఆ వాక్యం వదిలేసి చదువుతాను” అన్నారు మాస్టారు, తప్పు చేసినవాడిలా.

“అచ్చులో ఉందిగా. ఉన్నది ఉన్నట్టే చదవాలి.”

“అబద్ధమండీ అది.”

“అబద్ధమైనా అచ్చులో ఉంది. వెళ్ళండి, చదవండి.”

మాస్టారు వెళ్ళి చదివారు. ‘తరువాతి కథ మూలంలో చూడగలరు.’ ఒక్క తడబాటు లేకుండా, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా, పుస్తకం మొత్తంలో ఆ ఒక్క వాక్యమే మొదటిసారికే సరిగ్గా వచ్చింది. ఆగండిగారు మిషను ఆపి, హెడ్‌ఫోన్లు తీసి, వాటి తీగను పద్ధతిగా చుట్టి కొక్కేనికి తగిలించాడు. వరండాలో మాస్టారు అతని చెయ్యి పట్టుకుని, “మీ అక్కగారికి ఏమని చెబుతారు?” అని అడిగారు.

“లేదని చెబుతాను. లేనిది నేను చెప్పను” అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా దేని మీదో ఒకదాని మీద కోపం తెచ్చుకుంటూనే నడిచాడు. చెదల మీద, మాస్టారి మీద, పేవ్‌మెంటు మీద బండ్లు నిలిపినవాళ్ళ మీద. మందుల దుకాణం దగ్గర ఆగి అక్క మాత్రలు తీసుకున్నాడు. దుకాణంవాడు సంచీ కావాలా అని అడిగితే, చేతులున్నాయి కదా అని కసురుకున్నాడు. తీరా సందు మలుపు తిరిగేసరికి కోపమంతా ఎటు పోయిందో పోయి, కాళ్ళు బరువెక్కాయి. గుమ్మంలోంచి చూస్తే అక్క గోడవైపు కాకుండా తలుపు వైపుకు తిరిగి పడుకుని ఉంది. చూపు ఆనకపోయినా అతను వచ్చే వేళకు ఇటే తిరుగుతుంది.

పక్కింటావిడ లేచి, “మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టలేదు అన్నయ్యగారూ. కాసేపట్లో పాలు తెచ్చి ఇస్తాను, మీరైనా పట్టించండి” అని వెళ్ళింది.

“అడిగావా?” అంది అక్క. గొంతు గాలిలా వచ్చింది.

“అడిగాను. మాత్ర వేసుకో ముందు.”

“ఏమన్నాడు?”

“లేదన్నారు. చివరి పుటలు చెదలు తినేశాయట. అక్కడితో ఆఖరు.”

ఆమె చెయ్యి స్టూలు మీద తడుముకుంటూ వెళ్ళి చెంచా అందుకుంది. గ్లాసు మోగింది.

“చెదలు పుటలు తింటే మనుషుల్ని తిన్నట్టేనా? అంటే వాడు ఇన్నేళ్ళ నుంచీ నడి ఏట్లోనే ఉన్నాడా?”

“నన్నేం చెయ్యమంటావక్కా?”

“చెప్పు.”

“లేనిది ఎలా చెప్పను?”

“నీ మొహం. ఊళ్ళో వాళ్ళందరి నోళ్ళూ ఆపుతావు. నీ నోరు ఒక్కసారి పోనిచ్చి చూడు, ఎక్కడిదాకా పోతుందో.”

అతను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. దుప్పటి మీద ఆమె చెయ్యి ఎండి, గట్టిపడి ఉంది. బొటనవేలు మీద సూది గుచ్చుకుని గుచ్చుకుని పడిన మచ్చలు ఈ వయసులోనూ పోలేదు. ఆ చెయ్యి చూస్తూ, గొంతు సవరించుకుని, తప్పు చేయబోతున్నవాడిలా చుట్టూ ఒకసారి చూసుకుని మొదలుపెట్టాడు.

“తెడ్డు విరిగింది. విరిగిన ముక్క పట్టుకుని పడవవాడు…”

ఠంగ్.

“ముక్క ఎక్కడిది? అంత వరదలో చేతిలో ఉంటుందా? కొట్టుకుపోయింది.”

“సరే, కొట్టుకుపోయింది. పడవవాడు దేవుడా అని కూర్చున్నాడు.”

ఠంగ్. “కూర్చుంటే ఎలా? కూర్చునే పలక ఉంటుందిగా పడవలో. అది ఊడబీకి తెడ్డు వెయ్యాలి.”

“ఊడబీకాడు. తెడ్డు వేశాడు.” అతనికి చిరాకు వచ్చింది. చిరాకుతో పాటు, ఆశ్చర్యంగా, కాస్త హుషారు కూడా వచ్చింది. “ఏరు నిండెను, ఏరు నిండెను, ఈవలి ఒడ్డున దీపముండెను. మంత్రసాని చేతులతో నీళ్ళు తోడి పోస్తోంది. ఇంట్లో పడవవాడి భార్య ఒక్కతే…”

ఠంగ్.

“ఒక్కతే కాదు. పిల్ల ఉంది.”

“ఏ పిల్ల? పిల్ల లేదక్కా కథలో.”

“ఉంది.”

“పుస్తకంలో ఎక్కడా లేదు! అక్షరం అక్షరం చూశాను!”

“పుటలు పోయాయన్నావుగా. వాటిలో ఉండి ఉంటుంది.”

ఆమె ఊపిరి కూడదీసుకుని, మధ్య మధ్యలో ఆగుతూ చెప్పింది. “కూతురు. చిన్నదే, గౌను వేసుకునే వయసు. నాన్న వెళుతూ పొయ్యి ఆరనివ్వకు, నీళ్ళు కాగుతూ ఉండాలి అని చెప్పి వెళ్ళాడు. అది పొయ్యి దగ్గరే కూర్చుంది. లోపల అమ్మ పిలిచింది. లేస్తే పొయ్యి ఆరిపోతుందని లేవలేదు.”

అచ్చు వెంట నడిచినట్టే దుప్పటి మీద నడుస్తున్న అతని వేలు ఆగిపోయింది. తను పుట్టిన రోజే తల్లి పోయిందని అతనికి తెలుసు. తండ్రి మంత్రసాని కోసం పరుగెత్తాడని ఎవరో ఎప్పుడో అనగా విన్నాడు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. తండ్రి మాటలు తక్కువ మనిషి, ఆ తక్కువ మాటలు కూడా పట్టుకుని ఏనాడో పోయాడు. రోజూ ఇదే గదిలో ఇదే మనిషి ఎదురుగా కూర్చుని ఎవరెవరి కథలో చెప్పాడు, ఎలుకల గురించి కూడా చెప్పాడు. ఈ ఇంటి కథ ఒక్కటీ అడగలేదు. తెలివితక్కువవాణ్ణి, ఎంత తెలివితక్కువవాణ్ణి అనుకున్నాడు.

“అక్కా, తల్లి సంగతి ఏమని చెప్పను?”

“అబద్ధం చెప్పకు. ఆవిడ పోయింది. బిడ్డ ఉన్నాడు. అవి నాకు తెలుసు.” ఆమె చెంచాను గట్టిగా పట్టుకుంది. “నాకు కావలసింది అది కాదు. పడవవాడు వచ్చి ఆ పిల్లతో ఏమన్నాడు?”

“నిజంగా… ఏమన్నాడక్కా?”

“ఏమీ అనలేదు. పక్కనుంచి లోపలికి వెళ్ళాడు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.” కాస్త ఆగి, “అది నా సంగతి. నేను అడిగింది పడవవాడి సంగతి. చెప్పు” అంది.

ఎవరైనా ఆగండి అంటే బాగుండునని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది. ఎవరూ అనలేదు.

“పడవ ఒడ్డుకు కొట్టుకుంది. పడవవాడు గుమ్మంలోకి వచ్చాడు. పొయ్యి దగ్గర పిల్ల కునుకు తీస్తోంది.”

ఠంగ్. ఈసారి చిన్నగా మోగింది.

“కునుకు తీయలేదు.”

“తీయలేదు. కళ్ళు తెరుచుకునే ఉంది.”

“ఊ” అంది ఆమె. చెంచాను గ్లాసు అంచుకు ఆనించి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆమె ఊ కొట్టడం అతను వినలేదు.

“మంత్రసాని లోపలికి పరుగెత్తింది. లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి గొంతు మాత్రం వినిపించలేదు. పడవవాడు లోపలికి వెళ్ళబోయి, పొయ్యిలో మంట చూసి ఆగాడు. తడిబట్టలతోనే పిల్ల పక్కన చతికిలబడ్డాడు. గిన్నెలో వేలు ముంచి, ‘నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయే’ అన్నాడు. ‘ఇంతసేపూ ఒక్కదానివే ఉన్నావా’ అన్నాడు. పిల్ల తల ఊపింది. ‘అమ్మ పిలిచింది నాన్నా, నేను లేవలేదు’ అంది. అప్పుడు పడవవాడు ఆ పిల్ల తల తన పక్కకు లాక్కుని, ‘నువ్వు చెప్పినట్టే చేశావమ్మా. ఆలస్యం చేసింది నేను. నువ్వు కాదు’ అన్నాడు.”

చెప్పి అతను కాసేపు ఆగాడు. గ్లాసు మోగలేదు. లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది. అక్క తప్పు పట్టని మాటలు ఒక్కసారి ఇన్ని ఎప్పుడూ చెప్పలేదు తను. ఊపిరి పీల్చుకోవడానికి పల్లవి అందుకున్నాడు. ఏరు నిండెను, ఏరు నిండెను. ఆ తర్వాత మంత్రసాని బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చింది. ‘నా చేతులు తడిగా ఉన్నాయి, నువ్వు పట్టుకో వీణ్ణి’ అన్నాడు పడవవాడు. పిల్ల పట్టుకుంది. ఇక దించలేదు. ఎత్తుకుని, పెంచి, చదివించి, వాడికి ఒక ఉద్యోగం వచ్చేదాకా దించలేదు. గ్లాసు ఇప్పుడూ మోగలేదు.

అంతసేపు మోగకపోవడం అతనికి నచ్చలేదు.

“అలా తెల్లవారింది. పడవవాడు విరిగిన తెడ్డు ముక్క భుజాన వేసుకుని ఏటి వైపు వెళ్ళాడు” అన్నాడు.

తెడ్డు ముక్క కొట్టుకుపోయిందని ఇందాక ఆమే చెప్పింది. అంత పెద్ద తప్పు చెప్పి, గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను కావాలని చేసిన తప్పు అదొక్కటే.

“తెడ్డు ముక్క అన్నానక్కా” అన్నాడు. “భుజాన వేసుకున్నాడు అన్నాను. వినిపించిందా?”

గుండెల మీది చెయ్యి అలాగే ఉంది. ఆ చెయ్యి కింద ఏమీ కదలడం లేదు. అతను వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అచ్చు మీద నడిచి నడిచి నల్లబడిన ఆ వేలికి ఏమీ తగల్లేదు. అరవాలనిపించింది. ఎప్పుడు పోయావు, ఎక్కడిదాకా విన్నావు, ఆ ఒక్క మాట దాకా అయినా ఉన్నావా లేదా, అది చెప్పి పోవచ్చు కదా అని భుజాలు పట్టుకుని కుదిపి అడగాలనిపించింది. ఆమె మీద ఇంత కోపం అతనికి ఎన్నడూ రాలేదు. ఇంత ప్రేమా రాలేదు. రెండూ కలిసి వచ్చి కళ్ళలో నీళ్ళయ్యాయి.

చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, కుర్చీ కిర్రుమనకుండా ముందుకు జరిపి, గొంతు సవరించుకున్నాడు. చివరిసారి అంతా సవ్యంగా ఉన్న చోటు ఏదో అతనికి తెలుసు.

“పడవవాడు గుమ్మంలోకి వచ్చాడు” అని అక్కడి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. “పిల్ల కళ్ళు తెరుచుకునే ఉంది.”

పాలగిన్నెతో వచ్చిన పక్కింటావిడకు వాకిట్లోకే అతని గొంతు వినిపించింది. అక్కాతమ్ముళ్ళ పేచీ ఇంకా తేలలేదనుకుని, నవ్వుకుని, గిన్నె గడప మీద పెట్టి మూత వేసి వెళ్ళిపోయింది. లోపల అతను ఒక్క మాట తడబడకుండా, ఈసారి తెడ్డు సంగతి ఎత్తకుండా, ‘నువ్వు కాదు’ అన్నదాన్ని కాస్త నెమ్మదిగా, కాస్త పెద్దగా పలికి, కథ చివరి దాకా చెప్పాడు. స్టూలు మీద చెంచా గ్లాసు అంచుకు ఆనుకుని, ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.